ఉప్పు అంచు గ్లాసు

పెళ్ళై పాతికేళ్ళు నిండబోతున్నాయి కదా, ఏం కావాలో చెప్పమని నా భార్యను అడిగాను. అడిగింది షాపులోనే, మధ్యాహ్నం బేరాలు లేని వేళ. ప్రొద్దుటూరులో మాది బట్టల షాపు. మా వీధి మలుపు తిరిగితే అన్నీ బంగారు అంగళ్ళే. అందుకని ఆమె ఏమడుగుతుందో నాకు ముందే తెలుసనుకున్నాను. గాజులో, గొలుసో అడుగుతుంది, ఏ అంగడికి పోవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

ఆమె అప్పుడు ఎవరో విప్పి చూసి వెళ్ళిపోయిన చీరలను మడత పెడుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"గోవాకు పోయినామే, ఆడ గ్లాసు అంచుకు ఉప్పు పూసి ఇస్తారు. అది ఒక్కసారి తాగల్లని ఉండాది."

గోవాకు మేము సొంతంగా పోలేదు. సరుకు బాగా అమ్మిన డీలర్లను ఒక మిల్లు వాళ్ళు భార్యలతో సహా తీసుకుపోయారు. అక్కడ మేము చేసిందల్లా సముద్రం చూడడం, ఉల్లిపాయ లేని భోజనం ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కోవడం. ఆ గ్లాసు నాకు గుర్తే లేదు.

"అది మందు కదా" అన్నాను.

"తెలుసు."

"జ్యూసు అనుకుంటాండావేమో."

"లేదు. పోసేవాణ్ణి అడిగినా. టకీలా అంట."

అప్పటికి ఆ ప్రయాణం జరిగి రెండేళ్ళు. ఆ పేరును ఆమె అంతకాలం మనసులో పెట్టుకుని ఉంది. ఎందుకని అడగబోయాను. నా ముఖం చూసి ఆమే అంది, "ఎందుకని అడగొద్దండి. వద్దంటే వద్దు, నేనేమీ అనుకోను. మీరు అడిగినారు కాబట్టి చెప్పినా."

మా ఇంట్లో మందు ముట్టినవాళ్ళు లేరు. పెళ్ళి విడిదిలో వాసన వస్తే మా నాయన భోజనం చేయకుండా లేచి వచ్చేవాడు. ఆయన పోయాక ఆ పట్టింపు మా అమ్మ తీసుకుంది. ఏకాదశి నాడు పచ్చిమంచినీళ్ళు కూడా ఆలోచించి తాగే మనిషి ఆమె. ఆ ఇంటికి పాతికేళ్ళ కింద జమ్మలమడుగు నుంచి కోడలిగా వచ్చిన నా భార్య, ఇది కావాలని నోరు తెరిచి అడిగిన సందర్భాలు నాకు ఎంత వెతికినా ఎక్కువ గుర్తుకు రాలేదు. అందుకే వద్దనలేకపోయాను.

పులివెందులలో నాకొక స్నేహితుడున్నాడు. కాలేజీలో చదివేటప్పుడు ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఊరి బయట చీనీ తోట ఉంది అతనికి. బత్తాయిలనే మా వైపు చీనీలంటాం. ఆ సాయంత్రం ఫోను చేసి సంగతి చెప్పాను. చాలాసేపు నవ్వాడు. తర్వాత గొంతు మార్చి, "చెల్లెమ్మ అడిగిందా?" అన్నాడు.

"ఆమే అడిగింది."

"అయితే చేయల్లప్పా. నేనొకసారి బెంగుళూరులో తాగినా దాన్ని. ఊరికే తాగితే గొంతు మండుతాది. చీనీ రసంలో కలిపితే బాగుంటాదేమో చూద్దాం. తోటలో కాయ ఉండాది. పెళ్ళిరోజు ఇద్దరూ ఈడికే రాండి."

వస్తువు మాత్రం నేనే తెస్తానన్నాను. ప్రొద్దుటూరులో కొనే ధైర్యం లేదు. ప్రతి రెండో మనిషీ మా షాపుకు వచ్చేవాడే. సరుకు పని పెట్టుకుని కడపకు పోయాను. ఒక పెద్ద షాపు ముందు కాసేపు ఫోను మాట్లాడుతున్నట్టు నిలబడి, తర్వాత లోపలికి పోయి అడిగాను. కౌంటరు దగ్గరి మనిషి నా నుదుటి మీది బొట్టు వైపు చూసి, "తెల్లదా, పసుపుదా?" అన్నాడు. రెండు రకాలుంటాయని నాకు తెలియదు. ఏదైతే మంచిదని అడిగాను.

"పండ్ల రసంలో కలిపేదానికైతే తెల్లది తీస్కపోండి" అన్నాడు.

పొట్టి సీసా ఒకటి తీసి, పాత పేపరు చుట్టి ఇచ్చాడు. దాన్ని మా షాపు గుడ్డ సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాక నుదురు తుడుచుకుంటే చేతికి నీళ్ళలా చెమట అంటింది.

తర్వాత రోజుల్లో షాపులో బేరం లేనప్పుడల్లా చెవుల్లో వైర్లు పెట్టుకుని ఫోనులో వీడియోలు చూశాను. వాళ్ళు చేసేది చూడడానికి సులభమే. టకీలా, నిమ్మరసం, నారింజ తొక్కతో చేసిన ఇంకో మందు, ఐసు, అన్నీ మూతగల పాత్రలో వేసి గట్టిగా ఊపడం, ఉప్పు పూసిన గ్లాసులోకి వడగట్టడం. ఆ రెండో మందు కోసం మళ్ళీ కడపకు పోయే ఓపిక నాకు లేదు. దాని బదులు పాకం చేద్దామనుకున్నాను. ఆ వారం మా అమ్మ జమ్మలమడుగులో తన చెల్లెలి ఇంట్లో ఉంది. పిల్లలు చదువులకని బయట ఉన్నారు. వంటిల్లు నాదే. బజారులో చీనీకాయలు కొనుక్కొచ్చి, తొక్క మీది పైపొరను మాత్రం సన్నగా తురిమాను. చక్కెర పాకంలో వేసి మరిగించి, పల్చటి గుడ్డలో వడగట్టాను. లోపలి తెల్లపొర పడితే చేదు వస్తుందని మొదటిసారి పాడుచేశాకే తెలిసింది. రెండోసారి బాగా కుదిరింది. ఇల్లంతా చీనీ వాసన. నా భార్య గుమ్మంలో నిలబడి చూసింది. సాయం చేస్తానని అనలేదు. పాకాన్ని సీసాలో పోస్తుంటే వేలికి అంటిన బొట్టును మాత్రం తీసుకుని నాకి, తల ఊపి వెళ్ళిపోయింది.

పెళ్ళిరోజు వైశాఖంలో వస్తుంది. ఎండలు మండిపోతున్నాయి. భోజనాలయ్యాక కారులో బయల్దేరాం. దారిలో జమ్మలమడుగులో ఆగి, మా అమ్మకు, పిన్నమ్మకు దండం పెట్టుకుని పోదామని అనుకున్నాం. దండం పెట్టాం. అక్షింతలు వేసి, మా అమ్మ అడిగింది.

"ఇప్పుడు యాడికి పోతాండారు?"

"పులివెందులకమ్మా. తోటకు రమ్మన్నాడు."

"ఉండండి, చీర మార్చుకోనొస్తా. ఆ తోట చూసి శానా దినాలాయ."

నేను నా భార్య వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. అత్త సంచి తేవడానికి లోపలికి పోయింది.

మా అమ్మ వెనక సీట్లో కూర్చుంది. బండి కదిలాక, సీటు కింద పెట్టిన గుడ్డ సంచి ఆమె కాళ్ళకు తగిలింది. లోపల రెండు సీసాలు ఒకదానికొకటి కొట్టుకుని చప్పుడు చేశాయి.

"ఏంది నాయనా ఇది?"

"సిరప్పమ్మా. జ్యూసులో కలుపుకునేది."

"కింద పెడితే పగిలిపోవా" అంటూ ఆమె ఆ సంచిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. ముద్దనూరు దాటి పులివెందుల వచ్చేదాకా, గతుకు వచ్చినప్పుడల్లా దాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉంది. అద్దంలో అది చూస్తూ బండి నడపడం నాకు చాలా కష్టమైంది. నా భార్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆమె ఏదో ఆలోచిస్తోందని మెడ బిగువులో తెలుస్తోంది.

తోటలో నా స్నేహితుడు, అతని భార్య ఎదురొచ్చారు. మా అమ్మను చూసి అతను ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, వెంటనే వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. "పెద్దమ్మా, ఎన్నాళ్ళకొచ్చినావు" అని ఆమె చేయి పట్టుకుని నడిపించుకుపోయాడు. తోటలో మోటారు గది ముందు రేకులు కప్పిన వసారా లాంటి పంచ ఉంది. ఆమెను అక్కడ మంచం మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, నన్ను గది వెనక్కి పిలిచాడు.

"ఏంది మామా ఇది? ఇప్పుడెట్లా?"

"స్టీలు గ్లాసుల్లో పోద్దాం. అందరిదీ జ్యూసేనని చెబుదాం. అమ్మకూ నాకూ కలపకుండా ఇద్దాం. బండి నేనే నడపల్ల కదా" అన్నాను.

అతనికీ అదే బాగుందనిపించింది. ఇద్దరం పనిలోకి దిగాం. అతను ఊర్లో నుంచి ఐసుగడ్డ తెచ్చి గోనెసంచిలో చుట్టి ఉంచాడు. దాన్ని రోకలితో చితక్కొట్టాం. నేను గంప దగ్గర కూర్చుని చీనీకాయలు కోసి రసం పిండబోతుంటే అతని భార్య ఆపింది.

"ముందే పిండిపెట్టొద్దన్నా. చీనీ రసం కాసేపుంటే చేదెక్కుతాది. తాగేటప్పుడు పిండుకుందాం."

ఆమె ఉప్పు పని తీసుకుంది. వీడియోలో వాళ్ళు పూసింది ఉత్త ఉప్పే. ఆమె రాళ్ళ ఉప్పును రోట్లో మరీ మెత్తగా కాకుండా దంచి, అందులో కాస్త ఎండుమిరప పొడి కలిపింది. మామిడికాయ ముక్కలకు అద్దుకునేది ఇదే కదన్నా అంది. నాకూ నోరూరింది.

ఆమె ఇంటి షోకేసులో నుంచి కాళ్ళున్న గాజు కప్పులు తెచ్చింది. ఎప్పుడో ఐస్‌క్రీం కోసం కొన్నవట. నేను అవి వద్దు, స్టీలు గ్లాసులు కావాలన్నాను. అప్పుడు నా భార్య వచ్చి, ఒక గాజు కప్పును తీసుకుని వెలుగులో తిప్పి చూసింది.

"నాకు దీంట్లోనే పోయండి" అంది.

"అమ్మ చూస్తాది."

"చూడనీండి."

నిమ్మబద్దతో కప్పు అంచంతా తడిపి, పళ్ళెంలో పరిచిన ఉప్పుకారంలో బోర్లించి తిప్పాను. అంచుకు ఎర్రటి తెల్లటి పలుకులు అంటుకున్నాయి. నా స్నేహితుడు చీనీలు పిండాడు. నేను టకీలా, చీనీ రసం, నిమ్మరసం, పాకం కొలిచి వెడల్పు మూతి స్టీలు సీసాలో పోశాను. ఐసు వేసి మూత బిగించి ఊపాను. చేతులు జిల్లుమన్నాయి. సీసా బయట చెమట పట్టింది. వడగట్టి పోస్తే కప్పులో లేత పసుపు రంగు, పైన సన్నటి నురుగు. నిజం చెప్పాలంటే అది ఫోనులో చూసినదానికన్నా అందంగా ఉంది. నా స్నేహితుడికి ఒకటి పోశాను. అతని భార్య నాకొద్దంది. మిగిలిన వాళ్ళకు కలపని చీనీ రసం, అదే పాకంతో, అదే ఐసుతో.

అన్నీ పళ్ళెంలో పెట్టుకుని పంచలోకి పోయాం. మా అమ్మ మంచం మీద కాళ్ళు ముడుచుకుని, చెట్ల వైపు చూస్తూ ఉంది. ఆమె చేతికి ఒక గ్లాసు ఇచ్చాను. నా భార్య ఉప్పు అంచు కప్పు తీసుకుంది. అందరం నిలబడ్డాం. ఆమె కప్పును నోటి దాకా తెచ్చి, మళ్ళీ దించింది.

"అత్తా" అంది. "నీ గ్లాసులో ఉండేది ఉత్త చీనీ రసమే. దీంట్లో మందుండాది. నేనే అడిగి తెప్పించుకున్నా. నీకు చెప్పకుండా తాగబుద్ధి కాలేదు."

మా అమ్మ ముందు నా వైపు చూసింది.

"నీకు తెలుసా?"

"నేనే తెచ్చినా."

"నా ఒళ్ళో పెట్టుకోని వచ్చింది అదేనా?"

"అదేనమ్మా."

ఆమె గ్లాసును మంచం పక్కన పెట్టింది. కోపంతో విసురుగా పెట్టలేదు, మెల్లగానే పెట్టింది. కాసేపు తన అరచేతుల వైపు చూసుకుంది. తర్వాత నా భార్యతో అంది, "తాగి వచ్చి గోడలు పట్టుకోని నడిచేవాళ్ళను చూసినా. దాచిపెట్టి తాగేవాళ్ళను చూసినా. ముందే చెప్పి తాగేదాన్ని ఇప్పుడే చూస్తాండా." అని ముఖం అటు తిప్పుకుంది.

అది ఒప్పుకోలో, తిట్టో నాకు తెలియలేదు. ఎవరికీ తెలియలేదు. నా భార్య అక్కడే నిలబడి ఉంది. తర్వాత ఆమె కప్పుతోనే పంచ దిగి, చెట్ల మధ్యగా నడిచి, మోటారు నీళ్ళు పడే తొట్టి గట్టు మీద అటు తిరిగి కూర్చుంది. నేను వెనకే పోబోయాను. నా స్నేహితుడి భార్య అడ్డం వచ్చింది.

"పోనీండన్నా. వదినను కాసేపు కూర్చోనీండి."

నేను పంచ మెట్టు మీద కూలబడ్డాను. వెనక మంచం మీద మా అమ్మ. ముందు, చీనీ చెట్ల అవతల, నా భార్య వీపు. ఎటు పోవాలో తెలియని అలాంటి స్థితి నాకు అంతకు ముందు చాలాసార్లు కలిగింది. కానీ ఎప్పుడూ నేను ఏదో ఒక మాట చెప్పి ఇద్దరినీ సర్దేవాణ్ణి. ఆ రోజు గమ్మున ఉన్నాను. ఆమె కప్పు పైకెత్తడం, దించడం కనిపించింది. తొందర లేకుండా తాగుతోంది. ఒకసారి వేలితో అంచు మీది ఉప్పు తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. ఎండ తగ్గి చెట్ల నీడలు పొడవయ్యాయి. నా స్నేహితుడు తన గ్లాసు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు గానీ, తాగాలో వద్దో తెలియక అట్లాగే పెట్టుకున్నాడు.

కొంతసేపటికి మంచం కిర్రుమంది. మా అమ్మ లేచింది. చెప్పులు తొడుక్కుని, నన్ను దాటుకుని, కొంగు నడుముకు దోపుకుంటూ తొట్టి వైపు నడిచింది. నేను లేచి నిలబడ్డాను. ఆమె పోయి కోడలి పక్కన గట్టు మీద కూర్చుంది. గాలి ఇటు వీస్తోంది కాబట్టి మాటలు వినపడ్డాయి.

"తల తిరుగుతాందా?"

"లేదత్తా."

"తిరిగితే చెప్పు. పట్టుకుంటా."

అంతే. తర్వాత ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని నీళ్ళు పడేది చూస్తూ ఉండిపోయారు. నా స్నేహితుడు అప్పుడు తన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి, "బాగా కుదిరిందప్పా" అన్నాడు మెల్లగా. నేను నా చీనీ రసం తాగాను. ఐసు కరిగిపోయి పల్చబడింది. అయినా అంత రుచిగల చీనీ రసం నేనెప్పుడూ తాగలేదు.

వాళ్ళు తిరిగి వచ్చాక అతని భార్య వడలు, పెరుగన్నం పెట్టింది. నా భార్య ముఖం కాస్త ఎర్రబడి ఉంది. రెండోది కావాలా అని నా స్నేహితుడు అడిగితే, "చాలన్నా. ఒక్కటనే అనుకున్నా" అంది. సీసాలో మిగిలింది అతనికే వదిలేశాను.

దీపాలు పెట్టే వేళకు తోట నుంచి బయల్దేరాం. ఈసారి నా భార్య కూడా వెనక కూర్చుంది. ముద్దనూరు చేరేలోపే ఆమె నిద్రపోయింది. తల మా అమ్మ భుజం మీద వాలింది. మా అమ్మ ఆ తలను సరిచేయలేదు, తీయలేదు. "మెల్లగా పో నాయనా" అని మాత్రం అంది. జమ్మలమడుగు వచ్చినప్పుడు పిన్నమ్మ ఇంటి దగ్గర ఆపమంటావా అని అడిగాను. వద్దు, ఇంటికే పోదామంది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి నా భార్య తలస్నానం చేసి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని ఉంది. తలకు పోసుకోకుండా దేవుని గదిలోకి రావద్దని మా అమ్మ చెప్పిందట. "నువ్వేమన్నావు?" అని అడిగాను.

"ఏమంటా? సరే అత్తా అన్నా" అంది. ముఖంలో కోపం లేదు.

ఆ మధ్యాహ్నం షాపులో ఇద్దరమే ఉన్నప్పుడు ఆమే చెప్పింది. గోవాలో ఆ హోటల్లో, మేమంతా డీలర్ల మీటింగులో ఉన్నప్పుడు, ఆమె బయట వరండాలో కూర్చుని ఉందట. పక్క టేబుల్లో ఒక పెద్దావిడ, నెరిసిన జుట్టు, ఒక్కతే కూర్చుని ఆ ఉప్పు అంచు గ్లాసు ముందు పెట్టుకుని సముద్రం చూస్తూ ఉందట. చాలాసేపటి దాకా ఆమె దగ్గరికి ఎవరూ రాలేదట. ఏం కావాలని గానీ, ఎప్పుడొస్తావని గానీ ఎవరూ అడగలేదట.

"అట్లా కొంచేపు కూర్చోవల్లనిపించింది. అంతేనండి" అంది.

"తొట్టి గట్టు మీద కూర్చున్నావు కదా."

"కూర్చున్నా." ఒక చీర మడత సరిచేసి, "అత్త వచ్చినాక కూడా బాగనే ఉండె" అంది.

ఇంతలో పెళ్ళి బట్టలకని ఒక కుటుంబం మెట్లెక్కి వచ్చింది. ఆమె లేచి వాళ్ళకు చీరలు చూపించడానికి పోయింది.

రాత్రి భోజనాల వేళ మా అక్క ఫోను చేసింది. మా అమ్మే ఎత్తింది. స్పీకరు పెట్టుకుని మాట్లాడడం ఆమెకు అలవాటు. పెళ్ళిరోజు ఏం చేశారని అక్క అడుగుతోంది. నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

"పులివెందులకు పోయొచ్చినాం, చీనీ తోటకు" అంది మా అమ్మ. "బో చల్లగా ఉండె ఆడ. మీ మరదలు శానా సంతోషంగా ఉండింది."

నా భార్య నా విస్తరిలో చారు పోస్తోంది. గరిటె ఆగలేదు. ఫోనులో మాట ఊరగాయ మామిడికాయల మీదికి మళ్ళింది. ఈ ఏడు కాయ పులుపు లేదని అక్క, ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చే కాయ బాగుందని మా అమ్మ, చాలాసేపు మాట్లాడుకున్నారు.